చూపులేని వ్యాపారులకు చట్టం అండ

అమెరికా ప్రభుత్వ భవనాల్లో కాఫీ, చిరుతిళ్లు అమ్మే దుకాణాలు చాలావాటిని చూపులేనివారే నడుపుతారు. 1936 నాటి రాండాల్ఫ్-షెపర్డ్ చట్టం ఫెడరల్ భవనాల్లో వారికి ఈ అవకాశం కల్పించింది. తర్వాత ఎన్నో రాష్ట్రాలు తమ భవనాలకూ ఇలాంటి చట్టాలే చేసుకున్నాయి.

రాష్ట్ర సంస్థే శిక్షణ ఇచ్చి, లైసెన్సు ఇస్తుంది. సామగ్రి, మొదటి సరుకు సమకూరుస్తుంది. ఆపైన కొనుగోళ్లు, లెక్కలు, పనివాళ్ల జీతాలు అన్నీ వ్యాపారి బాధ్యతే. ఇది దానం కాదు, సొంత వ్యాపారం. 1974 సవరణ మరో మెట్టు ఎక్కింది: ప్రతి రాష్ట్రంలో ఈ వ్యాపారులు తామే ఎన్నుకున్న కమిటీ ఉండాలంది. తమ బతుకును తేల్చే నిర్ణయాల్లో వారి మాట ఉండడం నాకెంతో విలువైనదిగా తోస్తుంది.

మన దేశపు 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కూడా వ్యాపారానికి రాయితీపై ఇచ్చే స్థలాల్లో 5 శాతం కేటాయించమంటోంది. దానికి శిక్షణ, తొలి సరుకు కూడా తోడవ్వాలి.