పునాది తవ్వకముందే తేలాల్సిన లెక్క

(అల్ ఖోర్ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఊళ్లో కల్యాణ మండపం కట్టే కమిటీకి ఆ రెండు పరీక్షలూ ఒకేసారి వస్తాయి. మనలో చాలామందిమి ఇక్కడి జీతంలోంచి కొంత తీసి సొంత ఊరి గుడికో, మండపానికో పంపుతున్నాం. నిర్మాణ ఖర్చుల లెక్కలు చూసే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లం కాబట్టి, ఆ డబ్బు గురించి మేము నాలుగు మాటలు చెప్పదలిచాం.

మనకు ఉత్తరాన ఉన్న రాస్ లఫాన్‌నే చూద్దాం. సహజవాయువు నుంచి డీజిల్ వంటి ఇంధనాలు తయారుచేసే రెండు భారీ ప్లాంట్లు అక్కడ కట్టాలనుకున్నారు. ఖతార్ పెట్రోలియంతో కలిసి షెల్ చేపట్టిన పెర్ల్ ప్రాజెక్టుకు మొదటి అంచనా సుమారు 500 కోట్ల డాలర్లు. పూర్తయ్యేసరికి అది 1,800 కోట్లకు చేరింది. 2011లో అక్కడి నుంచి సరుకు బయలుదేరింది. ఎక్సాన్‌మొబిల్ తలపెట్టిన రెండో ప్లాంటు అంచనా సుమారు 700 కోట్ల డాలర్లు. అదీ అంతకంతకూ పెరుగుతుంటే, 2007 ఫిబ్రవరిలో దాన్ని విరమించుకుని బర్జాన్ గ్యాస్ ప్రాజెక్టు వైపు మళ్లారు.

ఆ రోజుల్లో గల్ఫ్ అంతటా ఒకేసారి నిర్మాణాలు సాగడంతో ఉక్కు, కాంట్రాక్టర్లు, పనివాళ్లు అన్నింటికీ గిరాకీ పెరిగింది. అంత పెద్ద కంపెనీల అంచనాలే తప్పినప్పుడు మన ఊరి కమిటీ అంచనా తప్పడంలో వింత లేదు. కాగితం మీద ఉండగా ఆపితే పోయేది డిజైన్‌కు పెట్టిన ఖర్చు. పిల్లర్లు లేచాక ఆగిపోతే చువ్వలు తుప్పు పడతాయి, దాతల నమ్మకం కూడా పోతుంది. మూడు రెట్లకు పైగా పెరిగిన ఖర్చును షెల్ భరించగలిగింది. మన కమిటీలకు ఆ స్తోమత లేదు.

అందుకే మొదటి అంకెలో ఏమేమి ఉన్నాయో అడగాలి. ఉదాహరణకు 5,000 చదరపు అడుగుల మండపానికి అడుగుకు 2,000 రూపాయలంటే కోటి రూపాయలు. మొత్తం పని రిజిస్టర్డ్ కాంట్రాక్టరుకు అప్పగిస్తే 18 శాతం జీఎస్టీ, అంటే 18 లక్షలు. అనుకోని ఖర్చులకు పది శాతం పక్కన పెడితే మరో 10 లక్షలు. కోటి అనుకున్నది కోటి 28 లక్షలయింది. మట్టి పరీక్ష, బోరు, కరెంటు కనెక్షన్, వంటశాల, మరుగుదొడ్లు, ప్రహరీ ఇంకా లెక్కలోకి రానేలేదు.

రెండోది మార్పులు. "ఎలాగూ కడుతున్నాం కదా, పైన ఇంకో అంతస్తు వేసేద్దాం" అన్న మాట దగ్గరే బడ్జెట్ చేయి దాటుతుంది. ఒక దాత గ్రానైట్ ఇస్తానంటే సంతోషమే. దాన్ని పరిచే కూలి, కింద వేసే బెడ్డు ఎవరి ఖాతాలోవి? ఏ మార్పయినా ఎంత ఖర్చు, ఎన్ని రోజులు అన్నది కాగితం మీద రాసి, కమిటీ సంతకం చేశాకే పని మొదలవ్వాలి.

మూడోది చెల్లింపు. తేదీని బట్టి కాదు, కొలిచిన పనిని బట్టి డబ్బు ఇవ్వాలి. ప్రతి బిల్లులో కొంత శాతం ఆపి, వానాకాలం గడిచి లీకులు లేవని తేలాక ఇస్తే కాంట్రాక్టరు ఫోను ఎత్తుతాడు.

పొదుపు పేరుతో ముట్టుకోకూడనివీ ఉన్నాయి. 2021 నుంచి ఖతార్‌లో జూన్ 1 మొదలు సెప్టెంబర్ 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా ఎండలో పని నిషేధం. ఇక్కడ అంచనా వేసేవాళ్లు ఆ గంటలను ముందే షెడ్యూల్‌లో లెక్క కడతారు. ఊళ్లోనూ హెల్మెట్, గట్టి సారువ, వేసవిలో నీడ, తాగునీరు అంచనాలోనే ఉండాలి. వాటిలో మిగిల్చిన డబ్బుతో కట్టిన గుడిలో మనం చేతులెత్తి దండం పెట్టలేం.

తాళాలు చేతికొచ్చాక కూడా ఖర్చు ఆగదు. కరెంటు బిల్లు, వాచ్‌మన్ జీతం, రంగులు ఏటా ఉంటాయి. నిర్మాణ నిధితో పాటే నిర్వహణ నిధినీ విడిగా మొదలుపెట్టాలి.

కాబట్టి తర్వాతి విడత పంపేముందు ఊరి కమిటీని మూడు ప్రశ్నలు అడుగుదాం. ఈ అంకెలో లేనివి ఏమిటి? ఇప్పటివరకు కొలిచిన పని ఎంత? ఇక డబ్బు రాకపోతే ఏ దశలో ఆపినా వాడుకోవడానికి పనికొస్తుంది? అడిగితే అనుమానిస్తున్నారని అనుకుంటారేమోనన్న మొహమాటం వద్దు. పంపే ప్రతి రియాల్ వెనుక ఒకరి ఓవర్‌టైమ్ ఉంది. ఆ లెక్క అడిగే బాధ్యత మనదే.