పెంకుటింటి కప్పు: పనివాని ఎంపిక

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్ద తీరము దాటెను. ఆ గాలికి మా పెంకుటింటి తూర్పువాలున నాలుగవ వంతు పెంకు లేచిపోయినది. మరునాటి ఉదయమున మా తల్లిగారు వంటింటిలో నిలిచి తల యెత్తి చూచి, "ఆకాశం కనిపిస్తోందర్రా" అనిరి. ఆ దినమున ఆమె పలికిన మాట అదొక్కటే.

అట్టి సమయమున పెంకు నేయువానికి గల గిరాకి ఇంతింత యని చెప్పరాదు. ప్రతి ఇంటికిని ఒకటే అవసరము. ఎన్నడును చూడని మనుష్యులు నిచ్చెనలు మోసికొని వీధివెంట తిరిగిరి. వారిలో నొకడు మా ఇంటిని వీధిలోనుండియే చూచి, వెల చెప్పి, సగము సొమ్ము ముందుగా పుచ్చుకొనెను. కప్పు ఎక్కి చూడకుండ వెల చెప్పువానికి సొమ్మీయరాదని మాకు తెలియకపోలేదు. కాని ఇంటిలో వృద్ధురాలు ఉన్నది, ఆకాశమున మబ్బున్నది. తొందరపడితిమి. వాడు పగిలిన పెంకులు తీసి, దొరికిన పెంకులు దూర్చి, కొప్పుమీద సిమెంటు మెత్తి, రెండు దినములలో వెడలిపోయెను. తరువాతి వానకు, అంతకుముందు రెండుచోట్ల కారిన వంటిల్లు నాలుగుచోట్ల కారినది. వాడు చెప్పిన ఊరికి పోయి విచారింపగా అచ్చట వాని నెరిగినవారే లేరు.

ఆ చలికాలమంతయు టార్పాలిను కప్పి గడిపితిమి. ఫాల్గుణమున పొరుగూరినుండి ఒక వృద్ధ మేస్త్రిని పిలిపించితిమి. ఆయన నేసిన ఇండ్లు మూడింటిని ముందుగా చూచి వచ్చితిమి, ఆ ఇంటివారిని "ఎట్లు నేసినాడు?" అని కాక, "నేసిన తరువాత కారినదా, కారినప్పుడు పిలిచిన వచ్చినాడా?" అని అడిగితిమి. ఈ రెండవ ప్రశ్నకు వచ్చు జవాబే విలువైనది.

మేస్త్రి వచ్చుటతోడనే నిచ్చెన వేయలేదు. మిట్టమధ్యాహ్నము తలుపులు, కిటికీలు మూయించి, చీకటిలో నిలిచి, కప్పులోనుండి వెలుగు చొచ్చిన తావుల నెల్ల వాసములపై బొగ్గుతో గురుతు పెట్టెను. నీరు చొచ్చినచోటనే కారదు. రీపరు వెంబడి జారి, మూడు నాలుగడుగుల దూరమున బొట్టుగా రాలును. నేలమీది తడిని చూచి పైన నెదురుగా నున్న పెంకును మార్చుట మొదటివాడు చేసిన తప్పు. పిమ్మట మేస్త్రి చూరువద్ద వాసముల చివరలను మేకుతో పొడిచి చూచెను. మూడింటిలో మేకు వెన్నలో దిగినట్లు దిగినది.

"అమ్మగారూ, జబ్బు పెంకుది కాదండి, వాసానిది" అనెను.

వాసము క్రుంగినచో వాలు చెడును. వాలు చెడినచోట నీరు నిలుచును; నిలిచిన నీరు పెంకుల అతుకులలోనికి ఎదురు పోవును. ఈ పెంకునకు రెండడుగుల అడ్డమునకు ఒక అడుగు నిలువైన నుండవలెనని వాడుక.

మన ప్రాంతమున బెంగుళూరు పెంకని పిలుచునది నిజమునకు మంగుళూరు పెంకే. 1865లో బాసెల్ మిషన్ వారు అచ్చట పెంకు కర్మాగారమును స్థాపించిరి. ఒకదాని గాడిలో మరియొకటి కూర్చుండుట దాని గుణము. ఐతే ఒక కర్మాగారపు గాడి మరియొకదానికి సరిగా పొసగదు. ఆ పాత కర్మాగారములు అనేకము మూతపడినవి. కావున పాత పెంకు నొకదానిని చేతపట్టుకొని, దాని అడుగున నున్న ముద్రను చూపి, కూలగొట్టిన ఇండ్ల పెంకు అమ్ముచోట వెదకవలసి వచ్చినది. దొరికిన ప్రతి పెంకును మేస్త్రి వ్రేలితో తట్టి చూచెను. కంచువలె మ్రోగినది ఒక ప్రక్కకు, బొద్దుగా పలికినది వేరొక ప్రక్కకు.

మా పినతండ్రి కుమారుడు, "ఈ బాధ ఎందుకు, కూల్చి శ్లాబు వేయండి" అనెను. మట్టి అడుసుతో కట్టిన గోడలపై శ్లాబు బరువు మోపవచ్చునా యనునది మేస్త్రి తేల్చు విషయము కాదు, ఇంజనీరు తేల్చవలసినది. సిమెంటు రేకుల మాటయు వచ్చినది. ఆస్‌బెస్టాసు రేకును కోయునప్పుడు లేచు ధూళి ఊపిరితిత్తులకు కేన్సరు కలిగింపగలదు. దాని జోలికి పోలేదు.

ఒడంబడిక కాగితముమీద వ్రాసికొంటిమి. పెంకు నేతకు వంద చదరపు అడుగుల లెక్కన గుత్త. కలప పనికి దినకూలి. పెంకు విప్పినగాని ఎన్ని వాసములు పుచ్చినవో ఎవరికిని తెలియదు కదా! అన్నిటికిని కలిపి గుత్త అడుగువాడు పుచ్చును చూచియు పెంకుతో కప్పివేయవలసి వచ్చును. దింపిన పెంకు ఎవరిది, చెత్త ఎవరు తీయవలెను అనునవి కూడ వ్రాసితిమి. ఇవి చిన్న మాటలవలె నుండును గాని తగవులు ఇచ్చటనే పుట్టును.

మేస్త్రి నడుమునకు త్రాడు కట్టుకొనుట కిష్టపడలేదు. "నలభై ఏళ్లనుంచీ ఎక్కుతున్నానండమ్మా" అనెను. మా తల్లిగారు నిచ్చెన పట్టుకొని కదలలేదు. "త్రాడు కడితేనే ఎక్కు నాయనా, లేకపోతే నా ఇల్లు కారనీ" అనిరి. త్రాడు కట్టెను.

పుచ్చిన వాసములు మార్చి, చూరు వరుసలన్నిటిని పెంకు అడుగున నుండు రంధ్రములగుండ తుప్పుపట్టని తీగెతో రీపరులకు కట్టెను. తుపాను గాలి మొదట పట్టునది చూరునే. కొప్పుమీది సిమెంటును ఒలిచివేసి, సున్నము, ఇసుక, కొలదిగా సిమెంటు కలిపి పెట్టెను.

ఒడంబడిక ప్రకారము చివరి వాయిదా ఇయ్యబోగా చేయి చాపలేదు. "తొలివాన పడ్డాక ఇవ్వండమ్మగారూ" అనెను. 2015 జూనులో ఆ వాన వచ్చినది. రాత్రంతయు కురిసినది, మా తల్లిగారు వంటింటిలో పీట వేసికొని కూర్చుండి, తెల్లవారువరకు పైకి చూచుచునే యుండిరి. ఉదయమున మేస్త్రికి కబురు పంపితిమి. ఆయన వచ్చి, సొమ్ము పుచ్చుకొనకముందే మరల పైకెక్కి, కోతి కదల్చిన పెంకు నొకదానిని సరిగా కూర్చుండబెట్టి దిగెను.