కోత పనిముట్టు ఖర్చు: దానిని లెక్కించు విధము

వరికోతల కాలమున కొడవలి మొక్కవోయినచో కోత సాగదు. మాటిమాటికి పదును పెట్టుచు గట్టు మీద కూర్చున్నను కోత సాగదు. ఈ రెంటికిని నడుమ ఎప్పుడు పదును పెట్టవలయునో అనుభవజ్ఞుడైన రైతు చేతికి తెలియును. ఇనుమును కోయు పనియందును ఇదే ధర్మము. అయితే అచ్చట చేతి అనుభవముతో పాటు కాగితము మీది లెక్కయు కావలయును. ఆ లెక్కయే ఈనాటి నా ప్రసంగమునకు విషయము.

గ్రామపు పెద్దలమైన మాకు లేతు మిషనుతో నేమి పని యని మీరు అడుగవచ్చును. విజయవాడ నుండియు నాగార్జునసాగరు నుండియు వచ్చు రహదారులు ఎల్.బి. నగరు ప్రాంతముననే హైదరాబాదు నగరము ప్రవేశించుచున్నవి. మీ పిల్లలలో చదువుకొఱకు వచ్చువారు అనేకులు అచ్చట బస్సు దిగి, దిల్‌సుఖ్‌నగరులోని శిక్షణాలయములలో చేరుచున్నారు. చేతిపని నేర్చినవారు కొందరు వనస్థలిపురమునకు ఆవల నున్న ఆటోనగరు వంటి చోట్ల లారీల మరమ్మతు శాలలలోను, లేతు శాలలలోను కుదురుకొనుచున్నారు. కొన్ని యేండ్లు ఒకరి క్రింద పని చేసిన పిమ్మట తామే ఒక మిషను పెట్టుకొనవలెనని కోరుట సహజము. అప్పుడు పెట్టుబడి ఎచ్చటి నుండి వచ్చును? ఊరిలోని రెండెకరముల మీద అప్పుగానో, ఇంటి ఆడువారి బంగారము తాకట్టుగానో వచ్చును. కావున లేతు మీద తిరుగునది ఇనుప కడ్డీ మాత్రము కాదు. మీ ఆస్తియు దానితో పాటు తిరుగుచున్నది.

మొదట పని స్వరూపము చెప్పెదను. కుమ్మరి సారె మీద మట్టి తిరుగునట్లు లేతు చక్కులో ఇనుము తిరుగును. కదలకుండ బిగించిన పనిముట్టు దానిని ఒరసి, తురుముగా చెక్కివేయును. ఈ పనిముట్టును టూలు అందురు. పూర్వము హైస్పీడు ఉక్కుతో చేసిన టూళ్లే విరివిగా వాడుకలో నుండెను. జర్మనీ దేశపు క్రుప్ సంస్థ 1920ల చివర ‘విడియా’ యను పేర కార్బైడు టూళ్లను విక్రయించుటకు పూనుకొనెను. వజ్రము వంటిదని ఆ పేరునకు అర్థము. నేడు నాలుగు మొనలు గల చిన్న కార్బైడు బిళ్లను హోల్డరున బిగించి, ఒక మొన అరిగిన పిమ్మట మరియొక మొనను త్రిప్పి వాడుచున్నారు. దీనిని ఇన్సర్టు అందురు.

టూలు ఎంతకాలము నిలుచును? ఈ ప్రశ్నను పట్టుకొని అమెరికాలో ఫిలడెల్ఫియా నగరమందలి మిడ్‌వేల్ ఉక్కు కర్మాగారమున ఫ్రెడరిక్ విన్‌స్లో టేలర్ అను నాతడు 1880లో పరీక్షల నారంభించెను. అవి 26 సంవత్సరములు సాగినవి. 30,000కు పైగా పరీక్షలు వ్రాతలో నిలిచినవి. 8 లక్షల పౌనుల లోహము తురుముగా రాలినది. 1906లో ఆయన ఆ ఫలితములను యంత్రనిపుణుల సభలో చదివెను. అందలి సారమిది: కోత వేగము కొలది పెరిగినను టూలు ఆయువు మిక్కిలి తరుగును. కార్బైడుతో ఉక్కును కోయునప్పుడు వేగము రెట్టింపైనచో ఆయువు సుమారు పదునారవ వంతుకు పడిపోవును. కోయబడు లోహమును బట్టి ఈ పాలు మారుచుండును గాని దారి మాత్రము ఇదియే.

ఇక లెక్క. దీనికి త్రైరాశికమును మించిన గణితము అక్కరలేదు. పావులూరి మల్లన తెనిగించిన గణితమును వినియున్న జాతికి ఇది క్రొత్త కాదు.

మొట్టమొదట మిషను నిమిషము వెల కట్టవలయును. అప్పు మీది వడ్డి, మిషను అరుగుదల, షెడ్డు అద్దె, విద్యుత్తు, పనివాని జీతము, ఇవి యన్నియు కలిసి నెలకు 60,000 రూపాయలనుకొందము. నెలకు 25 దినములు, దినమునకు 8 గంటల చొప్పున 200 గంటలు మిషను నిజముగా పని చేసినచో గంటకు 300, నిమిషమునకు 5 రూపాయలు. తరువాత మొన వెల. ఇన్సర్టు 400 రూపాయలైనచో నాలుగు మొనలు గనుక మొనకు 100 రూపాయలు. మొన మార్చి సరిచేయుటకు 4 నిమిషములు, అనగా 20 రూపాయలు. వెరసి మొన మార్పు ఒక్కింటికి 120 రూపాయలు.

ఇప్పుడు ఒకే ఉక్కు పిన్నును మూడు వేగములతో చెక్కి చూతము. నిమిషమునకు 60 మీటర్ల పొడవు లోహము మొనను ఒరసి పోవునట్లు త్రిప్పినచో పిన్నుకు 5 నిమిషములు పట్టును. మొన 20 గంటలకు పైగా నిలిచి 247 పిన్నులు కోయుననుకొందము. పిన్నుకు మిషను ఖర్చు 25 రూపాయలు, మొన ఖర్చు అర్ధ రూపాయి, మొత్తము ఇరువదియైదున్నర. 200 మీటర్ల వేగమున పిన్నుకు ఒకటిన్నర నిమిషమే. కాని మొన 10 నిమిషములే నిలుచును. 20 పిన్నులకు మూడు మొనలు కావలయును. మిషను ఖర్చు ఏడున్నర, మొన ఖర్చు 18. మొత్తము మరల ఇరువదియైదున్నరయే! టూలు అరుగునని భయపడినవాడును, పని త్వరగా కావలెనని తొందరపడినవాడును ఒకే నష్టమున పడిరి. 120 మీటర్ల వేగమున పిన్నుకు రెండున్నర నిమిషములు. మొన 77 నిమిషములు నిలిచి సుమారు 31 పిన్నులు కోయును. మిషను ఖర్చు పన్నెండున్నర, మొన ఖర్చు దాదాపు 3 రూపాయల 90 పైసలు. మొత్తము 16 రూపాయల 40 పైసలు.

వీనికి పిన్నును బిగించి దించుటకు పట్టు రెండు నిమిషముల వెల 10 రూపాయలు చేర్పుడు. మొదటి ఇద్దరికి 35 రూపాయల 50 పైసలు, మూడవవానికి 26 రూపాయల 40 పైసలు. పొరుగు శాలవాడు ఒప్పుకొన్న ధర 32 రూపాయలని విని తానును 32కే వేయి పిన్నులు ఒప్పుకొన్నచో మొదటి ఇద్దరును 3,500 రూపాయలు పోగొట్టుకొందురు. మూడవవాడు 5,600 రూపాయలు మిగుల్చుకొనును. మిషను ఒకటే, ఇన్సర్టు ఒకటే, చెమటయు ఒకటే. భేదమంతయు లెక్కలో నున్నది.

కార్బైడునకు ఒక సులభ సూత్రము చెప్పెదను. మొన వెలను మిషను నిమిషములలోనికి మార్పుడు: 100 రూపాయలు 20 నిమిషములు. మొన మార్పునకు పట్టు 4 నిమిషములు కలుపుడు: 24. దానిని మూడింతలు చేయుడు: 72 నిమిషములు. మొన ఇంచుమించు అంతకాలము నిలుచు వేగమే చౌక వేగము. పై మూడవవాని మొన 77 నిమిషములు నిలిచినది గదా! మిషను ఖరీదైనదైనచో మొన వెల తక్కువ నిమిషములగును, వేగము పెంచవలయును. టూలు ఖరీదైనదైనచో వేగము తగ్గింపవలయును. చేతిలో పని నిండుగా లేని దినమున మిషను ఊరకుండుట కంటె నెమ్మదిగా నడిపి మొనను కాపాడుకొనుటయు లాభమే. వేరొక మాట. పని త్వరపెట్టవలసినప్పుడు వేగము నొక్కదానినే పెంచరాదు. మిషను బలమును పనికి కావలసిన నునుపును ఓర్చుకొన్నంత వరకు మొదట కోత లోతును, పిదప టూలు జరుగుదలను పెంచవలయును. వీని వలన ఆయువు తరుగుట వేగము వలన తరుగుట కంటె తక్కువ.

పదును పెట్టి వాడు టూళ్ల విషయమున మరియొక పొరపాటు కలదు. 200 రూపాయల టూలును పది మారులు సానపట్టవచ్చును గనుక మారునకు 20 రూపాయలే యని తలంతురు. కాని టర్నరు లేతును ఆపి పది నిమిషములు సానరాయి వద్ద నిలిచినచో ఆ నిమిషముల వెలయే 50 రూపాయలు. టూలు కంటె పదునునకే ఎక్కువ వెల! ఒక్కసారి నాలుగు టూళ్లను ముందుగా సానపట్టించి సిద్ధముగా నుంచుకొన్నవాని లేతు ఆగదు.

ఈ విద్య నేర్పు చోటు దూరమున లేదు. భారత ప్రభుత్వము 1968లో హైదరాబాదు బాలానగరున టూలు రూపకల్పన కేంద్రసంస్థను నెలకొల్పెను. చదువునకు వచ్చిన పిల్లవాడు దిల్‌సుఖ్‌నగరులో పరీక్షలకు చదువుటయే కాక ఇట్టి శిక్షణ యొకటి కలదని తెలిసికొనుట మేలు.

కావున పెద్దలారా, మీ కుమారుడో మనుమడో లేతు కొనెదనని భూమి పత్రములు అడిగినప్పుడు కోపపడకుడు, వెంటనే ఇచ్చివేయకుడు. మూడు ప్రశ్నలు వేయుడు. నీ మిషను నిమిషము వెల ఎంత? ఒక మొన వెల మార్పు ఖర్చుతో కలిపి ఎంత? ఆ మొన ఎన్ని నగములు కోయును? ఈ మూడింటికి తడుముకొనక జవాబు చెప్పినవాని చేతిలో పత్రములు పెట్టవచ్చును. చెప్పలేనివానికి మొదట ఒక నోటు పుస్తకము కొని యిండు. మొన మార్చినప్పుడెల్ల తేదీయు, కోసిన నగముల సంఖ్యయు అందు వ్రాయుమనుడు. ఆరు నెలలలో ఆ పుస్తకమే వానికి గురువగును.