రెండు నగరాలు, ఒక వాననీటి పాఠం



ఒక నగరం కష్టపడి నేర్చుకున్న పాఠం, ఆ కష్టం రాకముందే మరొక నగరానికి అందాలి. నగరాలు అనుభవాలను పంచుకోవడంలోని పరమార్థం అదే. ఇందుకు చెన్నై మంచి ఉదాహరణ.

2003లో తమిళనాడు ప్రభుత్వం ప్రతి భవనానికీ వాననీటి సేకరణను తప్పనిసరి చేసింది. మిద్దె మీద పడిన నీరు గొట్టం ద్వారా దిగి, ఇసుక, గులకరాళ్ల పొరలలో వడకట్టబడి, ఇంకుడు గుంతకో బావికో చేరుతుంది. 2009లో బెంగళూరు సైతం చట్టాన్ని సవరించి, నిర్ణీత విస్తీర్ణం దాటిన ఇళ్లకు ఇదే నియమం విధించింది.

చెన్నై నేర్పిన రెండవ పాఠం మరింత విలువైనది. 2019 వేసవిలో పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు దాదాపు ఎండిపోయాయి. తెలుగు గంగ ద్వారా కృష్ణా జలాలు అందుకునే నగరానికి జోలార్‌పేట నుండి రైలులో నీరు తేవలసి వచ్చింది. ఆ కరువుకు మూలం వానలు ముఖం చాటేయడమే. అయితే పలుచోట్ల గుంతలు పూడిపోయి, కురిసిన కొద్దిపాటి వాన కూడా భూమిలోకి ఇంకలేదు.

చట్టం గుంతను తవ్వించగలదు. ఏటేటా పూడిక తీయవలసింది ఇంటివారే. లారీ నీటి ఖర్చు అద్దెకున్నవారికీ తప్పదు. కనుక వారు కూడా యజమానితో మాట్లాడి, అక్టోబరులో ఈశాన్య ఋతుపవనాలు రాకముందే మిద్దె ఊడ్పించి, వడపోత ఇసుకను కడిగించడం మేలు. తొలి వాన మురికినీటిని బయటికి వదలాలి. తరువాతి ప్రతి చినుకూ బావికి చేరాలి.