తుమ్మలపల్లె యురేనియం – మన బావి నీరు

కజకస్థాన్‌లో యురేనియమును త్రవ్వరు. నీరు ఊరే ఇసుకరాతి పొరలోనికి బోర్ల గుండా ఆమ్లమును దింపి, కరిగిన లోహమును పైకి తోడుదురు. పులివెందుల ప్రక్కన తుమ్మలపల్లెలో అది సాగదు. ఇక్కడిది గట్టి సున్నపు జాతి రాయి. పోసిన ఆమ్లమును రాయే త్రాగివేయును. కావున ఖనిజమును త్రవ్వి, 2012లో మొదలైన మిల్లులో నూరి, సోడాతో కరగించు పద్ధతి పెట్టినారు. మిగిలిన బురదను కె.కె. కొట్టాల దాపున చెరువు కట్టి నిలిపినారు.

అరటి రైతుల ఫిర్యాదు ఆ చెరువు ఊట గురించే. సోడా చేరిన నేల చౌడగునని మీకు వేరే చెప్పవలెనా? జిప్సం చౌడును విరుచును గాని యురేనియమును తీయదు. మామూలు భూసార పరీక్షలో అది తేలదు. బావినీటికి ప్రత్యేకముగా యురేనియం పరీక్ష కోరవలెను. త్రాగునీటిలో లీటరుకు 30 మైక్రోగ్రాములు మించరాదు. కాచినంత మాత్రాన అది పోదు.