స్కోప్ లెన్సు

పాత స్కోప్ లెన్సులతో ఈనాటి కుర్రాళ్ళు లఘుచిత్రాలు తీస్తున్నారట, వాటి చరిత్ర, వాడే పద్ధతి, దొరికే రకాలు చెప్పమని ఆకాశవాణి వారు అడిగారు. స్కోప్ సినిమా అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’ను వెడల్పాటి పెద్ద తెర మీద చూసినవాళ్ళు మీలో చాలామందే ఉంటారు. తెలుగులో తొలి సినిమాస్కోప్ అదే, కెమెరా వి.ఎస్.ఆర్. స్వామిగారిది. దేశం మొత్తానికి మొదటిది 1959 నాటి ‘కాగజ్ కే ఫూల్’, వి.కె. మూర్తిగారి పనితనం.

అంత వెడల్పు దృశ్యం 35 ఎం.ఎం. ఫిల్ములో ఎలా పట్టింది? ఈ లెన్సులో కొన్ని అద్దాలు, స్తంభాన్ని నిలువునా చీల్చిన చెక్కల్లా, ఒక్క దిక్కుకే వంగి ఉంటాయి. అందుకే ఎత్తు తగ్గదు, వెడల్పు మాత్రం సగానికి నొక్కుకుపోతుంది. రీలును వెలుతురుకి పట్టి చూస్తే హీరో సన్నగా సాగిపోయి కనిపిస్తాడు. హాల్లో ప్రొజెక్టరుకి బిగించిన లెన్సు ఆ బొమ్మను మళ్ళీ రెండింతలు వెడల్పు చేసేది. ఫ్రాన్సులో ఆన్రీ క్రెతియాన్ 1920లలో కనిపెట్టిన ఈ ఏర్పాటుతో ఫాక్స్ కంపెనీ 1953లో ‘ది రోబ్’ విడుదల చేసింది. తొలినాళ్ళ లెన్సులు దగ్గరి షాట్లలో సరిగ్గా సగానికి నొక్కలేకపోయేవి. హాల్లో సాగదీయడం మాత్రం రెండింతలే కాబట్టి, తెర మీద తారల ముఖాలు గవదబిళ్ళలు వచ్చినట్టు ఉబ్బేవి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఒకప్పుడు ఆపరేటరు గదిలో జరిగిన పని. న్యూస్ రీలు అయిపోగానే తెరకి అటూ ఇటూ ఉన్న నల్లగుడ్డలు పక్కకి జరిగేవి. అదే అదనులో ఆపరేటరు స్కోప్ లెన్సు తగిలించి, సెన్సారు సర్టిఫికెట్ మీది అక్షరాలు నిటారుగా నిలిచేదాకా దాన్ని వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పేవాడు. హాళ్ళు డిజిటల్ అయ్యాక ఆ విద్యతో పని లేకపోయింది. పోతే పోయింది, అంత మంచి అద్దాలను పాత ఇనుముతో కలిపి తూకానికి అమ్మేశారే, అది నేను క్షమించలేను. దీపం ఎదురుపడితే ఆ అద్దాల వల్ల తెరకి అడ్డంగా సాగే నీలి వెలుగుగీతను ఇప్పుడు కంప్యూటర్లో అతికిస్తున్నారు!

అలా తూకానికి పోకుండా ఒక పెద్దాయన దాచిన లెన్సుతోనే మేము ఒక దర్జీ కథను లఘుచిత్రంగా తీశాం. కెమెరా లెన్సు ముందు హాలు లెన్సు బిగించి, రెంటినీ ఒకే దూరానికి ఫోకస్ చేయాలి. నటుడు రెండడుగులు ముందుకు వస్తే ఇద్దరం ఒకేసారి రెండు రింగులు తిప్పాలి. ఆ లెన్సు పుట్టింది దూరంగా ఉండే తెర కోసం కనుక, ముఖం దగ్గరగా కావాలంటే ముందు ఇంకో క్లోజప్ అద్దం పెట్టుకోవాలి. ఇంత శ్రమా దేనికంటారా? 50 ఎం.ఎం. లెన్సు వేస్తే దర్జీ ముఖం 50కి తగ్గట్టే ఉండి, వీధి మాత్రం 25 వేసినంత వెడల్పున వస్తుంది. మనిషీ తప్పడు, ఊరూ తప్పదు. వెనక వీధిదీపాలు నిలువుగా, కోలగా కరిగిపోతాయి.

షూటింగు చూడ్డానికి వచ్చిన ఆ పెద్దాయన మానిటరు వంక చూసి, “బాబూ, గుమ్మం వాలింది” అన్నారు. మాలో ఎవరికీ కనబడలేదు! ఎదురుగా ఒక కుర్రాణ్ణి సెల్‌ఫోన్ లైటు పట్టుకుని నిలబడమన్నారు. ఆ వెలుగు నుంచి తెరకి అడ్డంగా సాగిన నీలిగీత ఒకవైపు కిందికి దిగి ఉంది. మర వదులు చేసి, గీత సమంగా పడుకునేదాకా లెన్సు తిప్పి బిగించారు. గుమ్మం నిలబడింది.

కోవా, ఇస్కో, లోమో లాంటి రకాల గురించి చెప్పే వ్యవధి లేదు. మీ ఊళ్ళో మూతపడిన హాలు ఉంటే యజమానిని అడిగి చూడండి, పాత పెట్టెల్లో ఈ లెన్సులు ఇంకా ఉండవచ్చు. బూజు పట్టిందని పారేయకండి, తెలిసినవాళ్ళ చేత శుభ్రం చేయించండి. తేమ తగలనివ్వకండి. మరలు మాత్రం మీరు విప్పవద్దు. లోపలి అద్దాల అమరిక ఒకసారి కదిలితే మళ్ళీ కుదర్చడం చాలా కష్టం.