ఎడమచేతి వాటం గిటారు



గిటారు వాయించే గొప్పవాళ్ళెవరని మన పిల్లల్ని అడిగి చూడండి. జిమీ హెండ్రిక్స్ అనీ, ఎరిక్ క్లాప్టన్ అనీ గడగడా అప్పజెప్పేస్తారు. వాళ్ళలో ఆడవాళ్ళ పేరు ఒక్కటి చెప్పమంటే మాత్రం తడుముకుంటారు. లేకనా? ఉన్నారు. కాకపోతే కొందరు వంటింటి గడప దాటి రాలేకపోయారు. ఎంతో ఆలస్యంగా దాటి వచ్చిన ఒకామె గురించి నాలుగు మాటలు చెబుతాను.

ఆమె పేరు ఎలిజబెత్ కాటన్. 1893లో అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో ఓ పేద నల్లజాతి కుటుంబంలో పుట్టింది. అన్నగారు ఇంట్లో లేని సమయం చూసి, ఆయన బాంజో తీసి వాయించేది. తర్వాత ఇళ్ళల్లో పాచిపని చేసి, పైసా పైసా కూడబెట్టి, 3 డాలర్ల 75 సెంట్లు పోసి సొంత గిటారు కొనుక్కుంది.

ఆమెది ఎడమచేతి వాటం. హెండ్రిక్స్‌దీ అదే వాటం. ఆయన తీగలు మార్చి కట్టుకున్నాడు. ఈ పిల్లకి ఆ సంగతి చెప్పేవాళ్ళెవరు? గిటారును తలకిందులుగా పట్టుకుని వాయించేసింది. దాంతో లావు తీగలు కిందికీ, సన్న తీగలు పైకీ వచ్చాయి. అందరూ బొటనవేలితో మంద్రస్వరాలూ, మిగతా వేళ్ళతో పాటా పలికిస్తే, ఈమె వేళ్ళతో మంద్రం, బొటనవేలితో పాట పలికించింది. ఇప్పుడా పద్ధతికి ఆమె పేరే పెట్టి 'కాటన్ పికింగ్' అంటున్నారు! పదకొండు పన్నెండేళ్ళ వయసులోనే, ఇంటి దగ్గర పోయే గూడ్సు బండి మీద 'ఫ్రైట్ ట్రైన్' అనే పాట కట్టింది.

తర్వాతేముంది? చిన్నతనంలోనే పెళ్ళి, ఓ కూతురు, సంసారం. దైవగీతాలు తప్ప తక్కిన పాటలు తగవని చర్చివారు మందలించారు. గిటారు మూలపడింది. ఒక ఏడాదా, రెండేళ్ళా? కొన్ని దశాబ్దాలు!

1940లలో ఆమె వాషింగ్టన్‌లో ఓ పెద్ద దుకాణంలో పనిచేస్తుండగా, తప్పిపోయిన పసిపిల్లను తల్లికి అప్పగించింది. ఆ తల్లి రూత్ క్రాఫర్డ్ సీగర్, పేరుపొందిన స్వరకర్త. భర్త చార్లెస్ సంగీత పండితుడు. ఆ పరిచయంతో వాళ్ళింట్లోనే పనికి కుదిరింది. ఎవరూ లేనప్పుడు వాళ్ళ గిటారు తీసి వాయించుకుంటుంటే, ఓనాడు పిల్లలు విన్నారు. మూతబడ్డ విద్య అలా మళ్ళీ వెలుగు చూసింది.

ఆ పాప పెగ్గీ పెద్దదై ఇంగ్లండులో 'ఫ్రైట్ ట్రైన్' పాడితే, అక్కడ ఇద్దరు పెద్దమనుషులు ఆ పాట తమదేనని రాయించుకున్నారు. 1957లో అది అక్కడ మారుమోగింది. కట్టినామె మాత్రం ఇక్కడ పరాయి ఇంట్లో పని చేసుకుంటోంది! సీగర్ కుటుంబం అండతో ఆ తర్వాత హక్కు దక్కింది. ఆ ఇంటి అబ్బాయి మైక్ రికార్డు చేయగా 1958లో తొలి ఆల్బమ్ వచ్చింది. అప్పటికామెకు 65 ఏళ్ళు. 92వ ఏట, 1985లో, గ్రామీ బహుమతి అందుకుంది. 1987లో కన్నుమూసింది.

సిస్టర్ రోసెటా థార్ప్ సంగతి ఇంకా చిత్రం. 1940లలోనే ఎలక్ట్రిక్ గిటారుతో భక్తిగీతాలు పాడి జనాన్ని ఉర్రూతలూగించింది. రాక్ సంగీతానికి దారి వేసిన వాళ్ళలో ఆమె ఒకరు. 1973లో పోయింది. మూడు దశాబ్దాలకు పైగా ఆమె సమాధి మీద పేరు చెక్కిన రాయైనా లేదు. రాక్ సంగీతపు గౌరవ మందిరంలో రోసెటాకు 2018లో, ఎలిజబెత్‌కు 2022లో చోటిచ్చారు.

ఎలిజబెత్‌కు విద్య ఎవరూ పెట్టలేదు. అది మొదటినుంచీ ఆమె వేళ్ళల్లోనే ఉంది. చెవిపెట్టి వినేవాళ్ళ ఇంట్లో పని దొరకడం మాత్రం అదృష్టం. అటువంటి అదృష్టం తగలని వాళ్ళెందరో! మన ఇళ్ళల్లోనూ అంట్లు తోముతూ కూనిరాగం తీసే మనిషి ఉండొచ్చు, పెళ్ళయ్యాక వీణకు గలేబు తొడిగేసిన కోడలుండొచ్చు. ఓ పూట పని ఆపి, "ఏదీ, మళ్ళీ ఒకసారి పాడమ్మా" అని అడగండి. పాడాక, ఆ పాట ఆమెదేనని నలుగురిలో చెప్పండి.